ఇళ్ళకు వెళ్ళి మర్దన చేసే పని సొంతంగా మొదలుపెడుతున్నాను – చేస్తున్నవాళ్ళు దారి చెప్పండి

నువ్వులనూనె (హైదరాబాద్) – శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు 34 ఏళ్ళు. కూకట్‌పల్లి వైపు ఒక ఆయుర్వేద క్లినిక్‌లో ఏడేళ్ళుగా పంచకర్మ థెరపిస్టుగా చేస్తున్నాను. అభ్యంగం (ఒళ్ళంతా నూనె మర్దన), కిళి (మందు మూటతో కాపడం), శిరోధార (నుదుటి మీద నూనె ధార), కటివస్తి (నడుము మీద నూనె నిలపడం) – రోజుకి ఐదారుగురు. జీతం 16,000.

పోయినేడు మా దగ్గరికి వచ్చే ఒకావిడ కాన్పయ్యాక ఇంటికి రమ్మని అడిగింది. ఆదివారాలు పొద్దున్నే వెళ్ళి తల్లికీ బిడ్డకీ చేశాను. అది చూసి ఆవిడ చెల్లెలు పిలిచింది, తర్వాత అదే అపార్ట్‌మెంట్‌లో ఇంకో ఇద్దరు. ఇప్పుడు క్లినిక్ మానేసి ఇదే చేద్దామనుకుంటున్నాను. బాలింతలు, పసిపిల్లలు, పెద్దవయసు ఆడవాళ్ళు. అంతవరకే.

అయితే కార్డు వేయించి రెండు అపార్ట్‌మెంట్ల నోటీసు బోర్డుల్లో పెట్టించాను. అందులో "హోమ్ మసాజ్" అని రాశాను. నాలుగు రోజుల్లో పదిహేడు ఫోన్లు. అందులో పద్నాలుగు మగవాళ్ళవి. కొందరు మర్యాదగానే అడిగారు, లేదంటే పెట్టేశారు. మిగతావాళ్ళు అడిగినవి ఇక్కడ రాయలేను. మూడో రోజుకి ఫోన్ మోగితే ఎత్తడానికి భయమేసింది. మా అత్తగారు విని "పరాయి ఇళ్ళకెళ్ళి ఒళ్ళు పట్టే ఖర్మ మనకేంటి" అని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఎంత తీసుకోవాలి? ఫోన్లో ఏం అడగాలి? ఏ కాగితాలు ఉండాలి? చేస్తున్నవాళ్ళు చెప్పండి.

---

బెజవాడ పిన్ని – శనివారం, రాత్రి 10:25

అమ్మా, ముందు ఆ కార్డులు తీయించు. "మసాజ్" అన్న మాట మంచిదే గానీ, ఊళ్ళో దానికి పట్టిన మకిలి మనం ఒక్కళ్ళం కడగలేం. "బాలింతలకు, పసిబిడ్డలకు నూనె మర్దన, స్నానం" అని రాయి. కింద "ఆడవారికి మాత్రమే" అని పెద్దక్షరాల్లో. నేను పదకొండేళ్ళుగా విజయవాడలో ఇదే చేస్తున్నా. అలా మార్చాక పిచ్చి ఫోన్లు నెలకి ఒకటో రెండో.

ఫోన్ ఎత్తగానే నేను అడిగే మొదటి మాట: "కాన్పు ఎప్పుడైందండీ, నార్మలా, ఆపరేషనా?" దొంగ ఫోన్ అయితే అక్కడే నీళ్ళు నములుతాడు. భర్త చేస్తే "అమ్మాయికి ఇవ్వండి బాబూ, ఒకసారి మాట్లాడతాను" అంటా. అమ్మాయితోనో, వాళ్ళమ్మతోనో మాట్లాడకుండా ఏ ఇంటి మెట్టూ ఎక్కను. ఎవరు చెప్తే ఫోన్ చేశారో పేరు అడుగుతా, ఆ పేరుకి నేనే ఫోన్ చేసి కనుక్కుంటా. పనికి వేరే సిమ్ పెట్టుకో. రాత్రి ఎనిమిదికి అది ఆపెయ్.

మీ అత్తగారి సంగతి. మా మేనత్త కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూళ్ళో మంత్రసాని. ఎన్ని పురుళ్ళు పోసిందో లెక్క లేదు. పురుడు పోసి, పదకొండు రోజులు తల్లికి ఒళ్ళు రుద్ది, బిడ్డకి కాళ్ళ మీద నీళ్ళు పోసి, చివరికి ఒక జాకెట్టు ముక్కా, చేటలో బియ్యం పుచ్చుకుని పెరటి గుమ్మంలోంచి వచ్చేది. ఎన్ని ఇళ్ళకి వెళ్ళినా వీధి గుమ్మం దాటింది లేదు. నాకు చెయ్యి తిరిగింది ఆవిడ దగ్గరే. నేను ముందు గుమ్మంలోంచి వెళ్తా, కుర్చీలో కూర్చుని మాట్లాడతా, డబ్బు ఎంతో ముందే చెప్తా. ఇది ఖర్మ కాదమ్మా, విద్య. మీ అత్తగారికి ఒకరోజు నువ్వే మోకాళ్ళు పట్టు. మాటలకంటే అది త్వరగా ఎక్కుతుంది.

---

ఇద్దరు పిల్లల తల్లి (మియాపూర్) – శనివారం, రాత్రి 11:10

నేను చేయించుకున్న వైపు నుంచి చెప్తాను. మొదటి కాన్పుకి ఒక ఏజెన్సీ నుంచి పిలిచాం. వారానికొక మనిషి మారేది. ప్రతిసారీ కొత్తావిడ ముందు ఒళ్ళు విప్పి పడుకోవడం ఎంత కష్టమో! కుట్లు లాగుతూ, పాలు కారుతూ, నిద్ర లేక ఉన్నప్పుడు. రెండో కాన్పుకి మా ఆడపడుచు చెప్పిన ఒక ఆంటీ 40 రోజులు వచ్చారు. ఆవిడ చేతులు నాకిప్పటికీ గుర్తే.

నాకు నచ్చినవి: గోళ్ళు కురచగా ఉండేవి. గాజులు, ఉంగరం తీసి కొంగున కట్టుకునేవారు. సబ్బుతో చెయ్యి కడిగాకే బిడ్డని ముట్టుకునేవారు. చేస్తున్నంతసేపూ ఫోన్ ముట్టేవారు కాదు. ఒక భాగం చేస్తుంటే మిగతా ఒళ్ళంతా దుప్పటి కప్పి ఉంచేవారు, అడక్కుండానే. ఇంకోటి, వేరే ఇళ్ళ సంగతులు ఒక్క ముక్క చెప్పలేదు. అందుకే నేను ఆవిడ ముందు ఏడవగలిగాను. నెలన్నరలో నాతో "నీకెలా ఉందమ్మా" అని రోజూ అడిగింది ఆవిడొక్కరే. మిగతావాళ్ళంతా బాబు ఎలా ఉన్నాడని అడిగారు.

నచ్చనిది మొదటిసారి వచ్చినవాళ్ళలో ఒకావిడ బాబు ముక్కు పొడవుగా రావాలని వేళ్ళతో లాగడం, ముక్కులో చెవిలో నూనె చుక్కలు వేయడం. మా అత్తగారు కూడా వేయమన్నారు. నాకు తెలియక ఊరుకున్నాను.

---

ఫిజియో తిరుపతి – ఆదివారం, ఉదయం 6:50

పై పోస్టులో చివరి మాట అందరూ చదవాలి. పసిబిడ్డ ముక్కులో నూనె వేస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా రావచ్చు. చెవిలో, బొడ్డులో కూడా వద్దు. బిడ్డ రొమ్ములు పిండి పాలు తీయడం అసలే వద్దు, చీము పడుతుంది. సాంబ్రాణి పొగ బిడ్డ పక్కన పెట్టకండి. బామ్మలు నొచ్చుకుంటారు, నిజమే. "మా డాక్టరమ్మ ఒప్పుకోదండీ" అని నా పేరు చెప్పి తప్పించుకోండి, పర్వాలేదు.

ఇక నువ్వులనూనె గారూ, మీకు చెయ్యి తిరిగింది కాబట్టి ఎలా రుద్దాలో నేను చెప్పను. ఎక్కడ రుద్దకూడదో చెప్తాను, ఎందుకంటే క్లినిక్‌లో ముందు వైద్యులు చూసి మీ దగ్గరికి పంపేవారు. ఇంట్లో ఆ వడపోత ఉండదు. చూడాల్సింది మీరే.

బాలింతకి ఒక కాలే వాచి, పిక్కలో నొప్పి, ముట్టుకుంటే వేడిగా, ఎర్రగా ఉంటే చెయ్యి వెయ్యకండి. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. కాన్పయిన ఆరు వారాల్లో ఆ ప్రమాదం మామూలుకంటే ఎక్కువ. రుద్దితే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళొచ్చు. అదే రోజు ఆసుపత్రికి పంపాలి, సిరలో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ చేస్తారు. "కొంచెం గట్టిగా పట్టమ్మా, పట్టేసింది" అని వాళ్ళే అడుగుతారు, అక్కడే జాగ్రత్త. తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకలు, జ్వరం, దుర్వాసనతో స్రావం – వీటిల్లో ఏదున్నా ఆరోజు మర్దన లేదు, డాక్టరే.

సిజేరియన్ అయితే పొట్ట జోలికి ఆరు వారాలు, డాక్టరు సరేననే దాకా వెళ్ళొద్దు. పొట్ట గట్టిగా గుడ్డతో బిగించమంటే కూడా డాక్టర్ని అడగమనండి. తల, మెడ, భుజాలు, చేతులు, పాదాలు మెల్లగా చేయొచ్చు. పాలిచ్చే తల్లికి అసలు నొప్పంతా భుజాల మధ్యనే కదా.

పెద్దవాళ్ళలో రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళకి లోతుగా నొక్కితే కమిలిపోతుంది. షుగర్ ఉంటే పాదాలకి స్పర్శ తెలియకపోవచ్చు. ముందు వేళ్ళ సందులు విడదీసి పుండ్లున్నాయేమో చూడండి, వేడి కాపడం మీ చేత్తో చూసుకుని పెట్టండి. ఉబ్బిన నరాల మీద గట్టిగా పోవద్దు. సెలూన్లో లాగా మెడ పట్టుకుని "టక్" మనిపించడం ఎవరికీ వద్దు. మెడలోంచి మెదడుకి వెళ్ళే రక్తనాళం చిరిగి పక్షవాతం రావచ్చు.

కార్డు మీద "ఫిజియోథెరపీ" అని రాయకండి. ఆ చదువు వేరు, 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం కిందికి అది కూడా వస్తుంది. మీ పని మీ పేరుతోనే గౌరవంగా ఉంది.

---

ఓరుగల్లు మాలిష్ అన్న – ఆదివారం, ఉదయం 8:15

చెల్లె, నేను మగోళ్ళకు చేస్త, హన్మకొండ కాజీపేట దిక్కు. ఎక్కువ పక్షవాతం వచ్చిన ముసలోళ్ళు. డాక్టరమ్మ చెప్పిన ముచ్చటకు ఒకటి కలుపుత. పడిపోయిన దిక్కు చెయ్యి పట్టి ఎన్నడు గుంజొద్దు. భుజం కీలు వదులైపోయి ఉంటది, ఊడి వస్తది. నేను మొదట్ల తెల్వక ఒక పెద్దాయనను చెయ్యి పట్టి లేపిన. ఆయన మూడు నెలలు భుజం నొప్పితోటి తిప్పలు పడ్డడు. నా తప్పే అది. వాళ్ళింటికి పోయి ఒప్పుకున్న. అప్పటిసంది నడుము కింద చెయ్యి పెట్టే లేపుత.

పైసల ముచ్చట. మొదటి రోజే చెప్పాలె. "మీకు తోచింది ఇయ్యుండ్రి" అన్నవనుకో, ఇచ్చేటోడికి తోచదు, నీకు అడగ బుద్ధి కాదు. సగం ముందే ఫోన్‌పే చేయించుకో. ఆఖరు నిమిషంల వద్దంటే ఆ రోజు పైసలు వాపస్ లేవని కూడ ముందే చెప్పు.

ఇగ నీ పాణం. రోజుకు ముగ్గురికంటే ఎక్కువ పెట్టుకోకు. క్లినిక్‌ల బల్ల ఉంటది, నిలబడి చేస్తవు. ఇళ్ళల్ల చాప మీద, పరుపు మీద. నా మోకాళ్ళు ఆరేండ్లల్ల పోయినయ్. బొటనవేలు తోటి నొక్కుడు తగ్గించు, ముంజేయి వాడు, ఒంటి బరువు వాడు.

---

రెండు చక్రాలు – ఆదివారం, ఉదయం 9:02

ఇళ్ళకి మనుషుల్ని పంపే యాప్‌లో చేరితే ఈ గొడవ ఉండదు కదా? ఫోన్లు వాళ్ళే చూసుకుంటారు. నేను ఒకదాంట్లో ఏడాది చేశాను. నిజం చెప్పాలంటే మొదటి ఆరు నెలలు బాగుంది, యూనిఫాం, బ్యాగు, రోజూ పని. తర్వాత కమిషన్ పెరిగింది. వాళ్ళ నూనే, వాళ్ళ షీట్లే కొనాలి. ఒక ఇంట్లో భర్త తలుపు దగ్గరే నిలబడి కదలకపోతే నేను చేయకుండా వచ్చేశాను. మధ్యలో వదిలేశానని నా రేటింగ్ పడింది. ఫిర్యాదు పెడితే వారం తర్వాత ఒక తయారు జవాబు వచ్చింది. చెల్లిని ఆలోచించుకోమంటాను. వద్దనను, పని నేర్చుకోవడానికి మంచిదే. కానీ "ఈ ఇంటికి వెళ్ళను" అనే హక్కు చేతిలో లేకపోతే ఈ పని చేయలేం.

---

లెక్కల మాస్టారు – ఆదివారం, ఉదయం 11:30

కాగితాల గురించి. ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ నమోదు) చేసుకోండి. ఆధార్, పాన్ చాలు, పూర్తిగా ఉచితం. డబ్బులడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు. ఈ-శ్రమ్ కార్డు కూడా తీసుకోండి, 16 నుంచి 59 ఏళ్ళ లోపు అసంఘటిత కార్మికులకి. సేవలకి జీఎస్టీ పరిమితి ఏడాదికి 20 లక్షల రాబడి, మీరు ఆ దరిదాపుల్లో ఉండరు. బ్యాంకులో ప్రమాద బీమా ఏడాదికి 20 రూపాయలు, జీవిత బీమా 436. ఒక్కోటి రెండు లక్షలకి. రోజంతా స్కూటీ మీద తిరిగేవాళ్ళు ఆ 20 రూపాయలు మర్చిపోకూడదు.

ఇక రేటు. తల్లికీ బిడ్డకీ కలిపి గంటన్నర, స్నానంతో. 700 అనుకుందాం. రోజుకి మూడిళ్ళు, నెలకి 25 రోజులు: 52,500. చూడ్డానికి బాగుంది. కానీ ఒక ఇంటి 40 రోజులు అయిపోయాక ఇంకోటి వెంటనే దొరకదు. సగటున రెండిళ్ళే వేసుకోండి: 35,000. పెట్రోలు రోజుకి 150 చొప్పున 3,750. తువ్వాళ్ళు, షీట్లు, సబ్బు, ఫోన్ రీచార్జి 1,250. మిగిలేది 30,000. దీంట్లోనే జ్వరం వచ్చిన రోజులు, పీఎఫ్ లేని ముసలితనం అన్నీ ఉన్నాయి. అందుకని 700కి తగ్గొద్దు. 500కి ఒప్పుకుంటే ఇదే లెక్కలో చేతికొచ్చేది 20,000. క్లినిక్ కంటే నాలుగు వేలు ఎక్కువ, బాధ్యత మొత్తం మీదే.

---

నువ్వులనూనె – ఆదివారం, మధ్యాహ్నం 2:15

మాస్టారూ, నేను 500 అని చెప్పేశాను ఇద్దరికి. ఈ లెక్క చూశాక నిన్న చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తోంది. ఆ ఇద్దరికీ మాట తప్పను, ఆ తర్వాత 700.

నూనె ఎవరు తేవాలి? క్లినిక్‌లో ధన్వంతరం తైలం వాడేవాళ్ళం బాలింతలకి.

---

బెజవాడ పిన్ని – ఆదివారం, మధ్యాహ్నం 3:00

నూనె వాళ్ళచేతే కొనిపించు. నువ్వు తెస్తే ఖరీదు మీద అనుమానం, దద్దుర్లొస్తే నింద. తైలం అయితే వాళ్ళ ఆయుర్వేద డాక్టరు చెప్పిందే. లేదంటే తల్లికి గానుగ నువ్వుల నూనె, బిడ్డకి కొబ్బరి నూనె. మొదటి రోజు మోచేతి లోపల కాస్త రాసి మర్నాటి దాకా చూడు. ఆవనూనె పసిబిడ్డకి వద్దు, చర్మం మండుతుంది. సున్నిపిండి కూడా పసివాళ్ళకి బరకగా రుద్దకు. నూగు పోవాలని అమ్మమ్మలు గట్టిగా పట్టుబడతారు. నూగు దానంతటదే పోతుంది. పాలు తాగిన వెంటనే బిడ్డని తీసుకోకు, కక్కుతుంది.

ఇంకో సంగతి, బాత్రూం. నూనె కాళ్ళతో బాలింత జారిపడితే ఇద్దరి బతుకూ పోతుంది. స్నానానికి ముందు పొడి తువ్వాలుతో పాదాలు తుడువు, స్టూలు వేసి కూర్చోబెట్టు, గడియ పెట్టనివ్వకు. పాత తువ్వాళ్ళకి నూనె కంపు పోవాలంటే వేడినీళ్ళలో చాకలి సోడా వేసి రాత్రంతా నానబెట్టు.

---

డాలస్ కోడలు – ఆదివారం, సాయంత్రం 6:40

ఇక్కడ టెక్సాస్‌లో ఇది లైసెన్సు ఉంటేనే చేయగల పని. 500 గంటల చదువు, పరీక్ష, వేలిముద్రలు. నేను చదువుతున్నాను, అందుకే ఈ చర్చ మొత్తం చదివాను. శరీర నిర్మాణం గురించి గంటలకొద్దీ చెప్తారు, కాళ్ళ మీద బిడ్డని పడుకోబెట్టి నీళ్ళు పోయడం మాత్రం ఎవరూ చెప్పరు. అది మా అమ్మమ్మ దగ్గర చూసిందే.

ఒక మాట, చదివేవాళ్ళలో అమెరికాలో ఉన్నవాళ్ళెవరైనా ఉంటే. ఊరినుంచి విజిటర్ వీసా మీద పిన్నినో అత్తనో రప్పించి, డబ్బులిచ్చి నాలుగిళ్ళలో బాలింతలకి మర్దన చేయిస్తుంటారు. ఆ వీసా మీద డబ్బుకి పనిచేయడం చట్టవిరుద్ధం. తేడా వస్తే నష్టపోయేది ఆ పెద్దావిడే, వీసా పోతుంది. సొంత మనవడికి అమ్మమ్మ చేసుకోవడం వేరు, ఇళ్ళు కుదిర్చి డబ్బు తీసుకోవడం వేరు.

---

నల్లకోటు – ఆదివారం, రాత్రి 8:20

భద్రత గురించి రెండు ముక్కలు. 2013 నాటి పని ప్రదేశంలో లైంగిక వేధింపుల చట్టంలో పని ప్రదేశం అంటే ఇల్లు కూడా. ఫిర్యాదుకి జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది, మూడు నెలల్లోపు పెట్టాలి. ఇది కాక నేరుగా పోలీసులకి వెళ్ళొచ్చు, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్. ఆ పిచ్చి ఫోన్ల నంబర్లు, రికార్డింగులు, మెసేజీలు చెరపకండి. తెలంగాణలో షీ టీమ్స్ ఇలాంటివి చూస్తాయి. అత్యవసరమైతే 112, మహిళా హెల్ప్‌లైన్ 181.

వెళ్ళే ముందు లైవ్ లొకేషన్ ఒకరికి పంపండి. గేటు దగ్గర పేరు రాయించుకునే వెళ్ళండి, దాటేసి వెళ్ళకండి. ఆ రాత మీకే సాక్ష్యం.

---

నిర్వాహకుడు – ఆదివారం, రాత్రి 8:45

ఇక్కడ ఫోన్ నంబరు పెట్టిన రెండు పోస్టులు, అసభ్యంగా రాసిన ఒక పోస్టు తీసేశాం. ఆ సభ్యుడి ఖాతా మూసేశాం. పని కావాల్సినవాళ్ళు సొంత నంబర్లు ఇక్కడ పెట్టకండి.

---

నువ్వులనూనె – ఐదు వారాల తర్వాత, గురువారం, రాత్రి 9:15

మళ్ళీ వచ్చాను. కార్డు మార్చాను. పిన్ని గారు చెప్పినట్టు మొదటి ప్రశ్న కాన్పు గురించే అడుగుతున్నాను. పిచ్చి ఫోన్లు ఈ నెలలో మూడు. నంబర్లు దాచిపెట్టాను. ప్రస్తుతం రెండిళ్ళు, ఒక పెద్దావిడ.

మొన్న నిజాంపేటలో ఒక అమ్మాయి, కాన్పయి పద్దెనిమిది రోజులు. ఎడమ కాలు కుడికాలు కంటే లావుగా ఉంది, పిక్క ముట్టుకుంటే వేడి. గట్టిగా పట్టమని వాళ్ళమ్మగారు అడిగారు. నేను చేయనన్నాను, ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. "మా ఊళ్ళో ఇలాంటివి ఎన్ని చూశాం, డబ్బు తీసుకుని పని చేయకపోతే ఎలా" అన్నారు. ఆ రోజు డబ్బు వెనక్కి ఇచ్చేశాను. సాయంత్రం అల్లుడు స్కానుకి తీసుకెళ్ళాడు. గడ్డ లేదు. కండరం పట్టేసి వాచిందట. మర్నాడు ఫోన్ చేసి, అనవసరంగా భయపెట్టి ఖర్చు పెట్టించావు, ఇక రావద్దన్నారు. ఇంకా 22 రోజులు మిగిలి ఉన్నాయి ఆ ఇంట్లో. రాత్రంతా నిద్ర పట్టలేదు. నేను తొందరపడ్డానా?

---

ఫిజియో తిరుపతి – గురువారం, రాత్రి 9:50

లేదు. ముమ్మాటికీ లేదు. చేత్తో ముట్టుకుని గడ్డ ఉందో లేదో నేనూ చెప్పలేను, ఏ డాక్టరూ చెప్పలేడు. అందుకే స్కాన్. లేదని తేలడం మంచి కబురు, మీ తప్పు కాదు. అలాంటి కాలు నా ముందుకి వస్తే నేనూ ఇదే చేస్తాను, వందసార్లు.

---

ఓరుగల్లు మాలిష్ అన్న – గురువారం, రాత్రి 10:05

చెల్లె, ఆ ఇల్లు పోతే పోయింది. నీ చెయ్యి మంచిగున్నది. డబ్బు వాపస్ ఇచ్చుడు మాత్రం వద్దు ఇంకోసారి. పోయి చూసినవు, చెప్పినవు, అది కూడ పనే. చూసినందుకు సగం పైసలు తీసుకుంటనని ముందే చెప్పి పెట్టు.

---

ఇద్దరు పిల్లల తల్లి – గురువారం, రాత్రి 10:30

మా అపార్ట్‌మెంట్‌లో వచ్చే నెల ఒకరికి కాన్పు ఉంది. మీరు ఆరోజు చేయనన్న సంగతి చెప్పే మీ గురించి చెప్తాను. మీకు మెసేజ్ పెట్టాను, చూడండి.

---

నువ్వులనూనె – గురువారం, రాత్రి 11:00

చూశానండీ. రేపు పది తర్వాత ఫోన్ చేస్తాను, ఆవిడతోనే మాట్లాడతాను.

పిన్ని గారూ, మా అత్తగారికి మోకాళ్ళు పట్టాను. వారం నుంచి రాత్రి తొమ్మిది కాగానే తనే చాప వేసుకుని కూర్చుంటున్నారు. అన్నా, నాకూ మోకాళ్ళ నొప్పి మొదలైంది. కింద వేసుకోవడానికి మీరు వాడే దిండు ఎలాంటిది? బజార్లో స్పాంజివి చూశాను, రెండు రోజులకే అణిగిపోతున్నాయి.

---

ఓరుగల్లు మాలిష్ అన్న – శుక్రవారం, ఉదయం 5:40

స్పాంజి కొనకు. పరుపులు కుట్టేటోళ్ళ దగ్గర కొబ్బరి పీచు ముక్కలు మిగుల్తయి. జానెడున్నర వెడల్పు, మూడు జానల పొడుగు కోయించి, మందపాటి కాన్వాసు గుడ్డల కుట్టించు. నాది నాలుగేండ్లు అయింది. మీద రెగ్జిన్ వద్దు, నూనెకు జారుతది.